రెండో ముడుపు

మొదటి ముడుపు కట్టడానికి దుర్గాబాయికి ఎంతోసేపు పట్టలేదు. పసుపు నీళ్లలో తడిపి పిండిన తెల్లగుడ్డ, అందులో రూపాయి బిళ్ల, ఒక పసుపు కొమ్ము, నాలుగు అక్షింతలు, పైన మూడు ముళ్లు. ముడి ముడికీ మొగుడి పేరు పలికింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ పేరు ఆమె నోటి వెంట వచ్చింది దేవుడి ముందూ, రేషన్ కార్డు ఆఫీసులోనూ తప్ప మరోచోట లేదు. ఇంట్లో భవిత వాళ్ల బాపు, బయట మా ఆయన, ఒళ్లు మండితే గీ మనిషి. కానీ ముడుపు దగ్గర ఆ మొహమాటాలు చెల్లవు. పేరు విప్పి చెప్పాలి, లేకపోతే అంత జనంలో ఏ ఆయన సంగతి అడుగుతున్నావో దేవుడికి మాత్రం ఎలా తెలుస్తుంది అని వాళ్ల అవ్వ అనేది. అందుకే విప్పి చెప్పింది. కీసర రామలింగేశ్వరా, ఆ దొరికినాయన మా బాలేషే కావాలి. మా బాలేషే. మా బాలేషే. అది అరగంట కిందటి మాట. ఇప్పుడు రెండో గుడ్డ చేతిలో ఉంది, ఒక్క ముడీ పడలేదు, బయట వరండా మెట్టు మీద తారాబాయి కూర్చుని ఉంది.

కొండ విరిగిపడింది మొన్న. ఎక్కడో ఉత్తరాన, మంచు కరిగే చోట, శివుడి దర్శనానికి వరస కట్టిన జనం మీద. మొన్నటి నుంచి దేశమంతా ఒక్క ఇల్లై ఏడుస్తోంది. టీవీలో జెండాలు సగానికి దించారు, మేడ్చల్‌లో బడిపిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని నడిచారు, ముక్కూమొహం తెలియని వాళ్లు సెల్‌ఫోన్లలో చేతులు జోడించిన బొమ్మలు పంపుతున్నారు. వాళ్లందరికీ అది దుఃఖం. దుర్గాబాయికి ఇంకా దుఃఖం కూడా కాలేదు, భయం దగ్గరే ఆగిపోయింది. దుఃఖమైతే కనీసం నోరారా ఏడవడానికి వీలుంటుంది. భయానికి ఆ దిక్కూ లేదు. కుక్కర్ కూత వేస్తే ఉలిక్కిపడాలి, హకీంపేట విమానం పోతే ఉలిక్కిపడాలి. కాపురానికి వచ్చినప్పటి నుంచీ నెత్తి మీద తిరుగుతున్న విమానాలే అవి, కుర్రవాళ్లు నడపడం నేర్చుకునే చిన్న విమానాలు, ఆ చప్పుడు లేకుండా శామీర్‌పేటలో తెల్లారదు. కానీ పోయినవాళ్లను విమానాల్లో తెస్తారని టీవీలో చెప్పినప్పటి నుంచి ప్రతి చప్పుడుకూ ఆమె చేతిలో పని ఆగిపోతోంది.

మేడ్చల్ జనార్ధన్ ఏటా యాత్ర బస్సు వేస్తాడు, ఈసారీ వేశాడు. ఆ బస్సులో పోయినవాళ్లంతా వాన చూసి కింది ఊరి సత్రంలోనే ఆగిపోయారు, ఇద్దరు తప్ప. ఆ ఇద్దరూ బాలేష్, ఆయన చిన్ననాటి దోస్తు లక్ష్మణ్. ఇంత దూరం వచ్చి కింద కూర్చుని చపాతీలు తింటామా అని బాలేష్ అన్నాడట. కోడలికి నెలలు నిండాయి, ఫోన్ అందని చోటికి నేను రాను అని లక్ష్మణ్ అన్నాడట. ఈయన రెక్క పట్టి లాక్కుపోయాడట. ఈ సంగతంతా జనార్ధనే ఫోన్లో చెప్పాడు, కానీ ఆ లాగడం మాత్రం దుర్గాబాయికి దగ్గరుండి చూసినట్టే ఉంది. ఆ మనిషి ఎప్పుడూ అంతే. పెళ్లికైనా, పంచాయితీకైనా, ప్లాటు బేరానికైనా లక్ష్మణ్ రెక్క ఆయన చేతిలో ఉండాల్సిందే. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి చెరువు కట్ట మీద తిరగడానికి లాక్కుపోయాడు, ముసలితనం వస్తుంటే మోక్షానికీ లాక్కుపోయాడు. ఈ మాట లక్ష్మణ్ భార్య తారక్కకు తెలుసు. తెలిసి కూడా ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, రెండు తిట్లు తిట్టి ఉంటే దుర్గాబాయికి ఇంత ఊపిరి ఆడేది.

మధ్యాహ్నం దాటాక జనార్ధన్ మళ్లీ ఫోన్ చేశాడు. “ఒక్కాయన దొరికిండక్కా. బురదల నుంచి తీసిండ్రు. యాభై ఏండ్లుంటయట. తెలుగుల నీళ్లడిగి మళ్ల సోయి తప్పిండట. మిలిటరీ దవాఖానల పండవెట్టిండ్రు. పైకి వోయింది మనోళ్లు ఇద్దరే గదా, గా ఇద్దర్ల ఎవలో ఒకలు. ఫోటో తియ్యమన్న. సిగ్నల్ రాంగనే పంపుత, ఫోన్ కాడనే ఉండుండ్రి.”

గా ఇద్దర్ల ఎవలో ఒకలు. ఆ మాట చెవిన పడగానే ఆమె కూతురు భవిత చేతికి ఫోన్ ఇచ్చేసి దేవుడి గదిలోకి నడిచింది, పసుపు కలిపింది, గుడ్డ తడిపింది. ఆలోచించలేదు. గుండె మీదికి వచ్చినప్పుడు ఆలోచించి మొక్కేవాళ్లు ఎవరుంటారు. మూడు ముళ్లు వేసి, కళ్లకద్దుకుని, లింగం పటం ముందు పెట్టి ఇవతలికి వస్తే, మెట్టు మీద తారాబాయి. జనార్ధన్ ఆమెకూ ఫోన్ చేశాడేమో, రెండు వీధుల అవతల నుంచి చెప్పులు లేకుండా వచ్చింది. చీర నిండా సాంబ్రాణి పొగ, వాము వాసన, పసిపిల్ల ఉన్న ఇంటి వాసన. కోడలు శృతికి ఆడపిల్ల పుట్టి ఇంకా పురుడు తీరలేదు. పుట్టిన పిల్లను తాత చూడనే లేదు.

“ఇంట్లకు రా అక్కా.”

“పురుడుల ఉన్న గదనే. ఈడనే కూసుంట.” కొంగుతో మొహం తుడుచుకుంది. “నాకొక్క సాయం జెయ్యి చెల్లె. మా ఇంట్ల దీపం వెట్టరాదు, నేను దేవున్ని ముట్టరాదు. నీ చేతులతోని మా ఆయన పేరు మీద ఒక ముడుపు కట్టు. నువ్వు కడితే నేను కట్టినట్టే.”

కడతానంది దుర్గాబాయి. కాదనడానికి నోరెలా వస్తుంది. గడప దాటి లోపలికి వచ్చి, మిగిలిన గుడ్డ చింపి, పసుపులో ముంచి, ఇదిగో, ఇలా కూర్చుంది. దొరికింది ఒక్క మనిషి. మొదటి ముడుపు ఆయన బాలేష్ కావాలంటోంది. రెండోది లక్ష్మణ్ కావాలనాలి. ఒక్క నోటితో, ఒక్క దీపం ముందు, ఒక్క దేవుణ్ని. పొద్దున ఒకరికి సంతకం పెట్టి సాయంత్రం అదే ప్లాటును ఇంకొకరికి రాసిచ్చే దొంగ బేరగాళ్ల సంగతి మొగుడు చెప్పి నవ్వేవాడు. దేవుడి దగ్గర ఆమె చేయబోయేది దానికన్నా ఏం మేలు. పైగా మొదటి ముడుపు కట్టేటప్పుడు తానేం అడిగిందో ఇప్పుడు కదా అర్థమవుతోంది. బాలేష్ కావాలి అంటే లక్ష్మణ్ కావద్దనే కదా. ఆ దవాఖాన దుప్పటి కింద బతికున్నది లక్ష్మణ్ బావ అయితే, ఆయన్ను మళ్లీ బురదలోకి తోసెయ్యి, ఆ చోట మా ఆయన్ను పడుకోబెట్టు అనే కదా తను అడిగింది. మూడుసార్లు అడిగింది. పసుపు పూసిన చేతులతో అడిగింది.

ఇలాంటిది ఇంతకు ముందు ఒకసారి జరిగింది. ఎప్పుడు, బోరు వేసినప్పుడు. చేను ఇంకా ప్లాట్లు కాకముందు, భవిత బడిలో ఉన్నప్పుడు, చెరువు పగుళ్లిచ్చిన ఆ ఎండాకాలం. రెండు బోర్లు వేస్తే రెండింట్లోనూ తెల్లదుమ్ము. మూడోదానికి ఆమె ఉపవాసం ఉంది, కీసర గుట్ట మెట్లన్నీ తడిబట్టలతో ఎక్కింది. ఎక్కి దిగి వచ్చేసరికి నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి, ఆయన కొత్త చొక్కాతోనే ఆ నీళ్ల కింద నిలబడి చిన్నపిల్లాడిలా అరిచాడు. దేవుడు విన్నాడు అని ఊరంతా అంది, ఆమె కూడా అనుకుంది, కొబ్బరికాయలు కొట్టించింది. ఆ నెల తిరగకుండానే గెట్టు అవతల గౌరయ్య బోరు గాలి కక్కడం మొదలుపెట్టింది. లక్ష్మణ్ మోటార్ వైండింగ్ పనివాడు కదా, వచ్చి గౌరయ్య మోటారు పైకి లాగాడు, విప్పాడు, చూశాడు. మోటారు మంచిగనే ఉంది పెద్దయ్యా, నీళ్లే లేవు అన్నాడు. ముసలాయన గెట్టు మీద కూర్చుని వీళ్ల పైపు నుంచి పడుతున్న ధారకేసి చూస్తూ ఉన్నాడు. భూమి లోపట గెట్లుంటయా అని బాలేష్ నవ్వేశాడు. లక్ష్మణ్ నవ్వలేదు. ఆ రాత్రే ఆమెకు మొదటిసారి అనుమానం వచ్చింది, దేవుడు నీళ్లు ఇచ్చాడా, లేక ఇటు జరిపాడా అని. మంచం మీద అటు తిరిగి పడుకునేసరికి అనుమానం పోయింది. కడుపు నిండినవాళ్ల అనుమానాలు అంతసేపే ఉంటాయి. గౌరయ్య మరుసటేడు చేను అమ్మేశాడు. అక్కడిప్పుడు కమాను కట్టిన కాలనీ ఉంది, కమాను మీద రెండు సిమెంటు ఏనుగులు.

ఆ లక్ష్మణే భవితకు డెంగీ వచ్చినప్పుడు, ఈయన ఏదో రిజిస్ట్రేషన్ అని ఊరు దాటి పోయి ఫోన్ ఎత్తనప్పుడు, పిల్లను తన టీవీఎస్ మీద ముందు కూర్చోబెట్టుకుని, లారీల మధ్య నుంచి, అంత పొడుగు రోడ్డూ పోనిచ్చాడు. దవాఖాన వరండాలో గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు. తెల్లవారి పిల్ల కళ్లు తెరిచి ఇడ్లీ అడిగితే మొహం అటు తిప్పుకుని ఏడ్చాడు. ఆ మనిషి పేరు పలకడానికి తన నాలుక ఇప్పుడు ఎందుకు మెలి తిరుగుతోంది. పలికితే ఏమవుతుంది. పలికితే దేవుడు వింటాడు, అదే భయం. ఇరవై ఏళ్లుగా వినాలి వినాలి అని మొక్కిన మనిషి, ఇవాళ వినకుంటే బాగుండునని కూర్చుంది.

మొదటి ముడి నోరు మూసుకునే వేసింది. గుడ్డను గుడ్డలాగే ముడేసింది, అప్పడాల మూట కట్టినట్టు. రెండో ముడి కూడా అంతే. ఎవరికి తెలుస్తుంది. బయట కూర్చున్న మనిషికి కనిపించేది వీపు ఒక్కటే. పేరు లేని ముడుపు అటూ కాదు, ఇటూ కాదు, దేవుడు దాన్ని పక్కన పెడతాడు, మొదటిదే ఆయన చేతికి అందుతుంది. ఇంత ఉపాయం తన బుర్రలోకి ఎక్కడి నుంచి వచ్చింది. ఆయనతో కాపురం చేసి చేసి వచ్చిందేమో. దీపం వత్తి చిటచిటలాడింది. హాల్లో టీవీ మాట లేకుండా నడుస్తోంది, బురద, హెల్మెట్లు, కుక్కలు, మళ్లీ బురద. టీవీ ముందు భవిత ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నిన్న ఆ పిల్ల అడిగింది, దేవుని కాడికి పోయినోళ్లనే దేవుడు తీస్కపోతే ఎట్లమ్మా, ఇగ ఎవల్ని నమ్మాలె అని. పోయి స్నానం చెయ్ బిడ్డా అంది. స్నానం చేస్తే తీరే అనుమానమా అది.

బయటి నుంచి తారాబాయి గొంతు వచ్చింది. “పేరు చెప్పినవా చెల్లె?”

“చెప్పిన.”

అంత తేలిగ్గా వచ్చింది అబద్ధం. దేవుడి ముందు కూర్చుని, దీపం చూస్తూ. రోడ్డు మీద కరీంనగర్ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. తర్వాత తారాబాయి, మెట్టుతో చెప్పుకుంటున్నట్టు తలొంచుకుని, మెల్లగా మాట్లాడింది.

“నీకు చెప్పకుంట ఉండలేకపోతున్న. ఇంటి నుంచి ఈడిదాకా తొవ్వంత ఒక్కటే తల్సుకుంట వచ్చిన. మా ఆయనే కావాలె, మా ఆయనే కావాలె అని. గట్లంటే నీది ఏమైతదో నాకు తెల్వదా. తెల్సే అనుకున్న. పాపిష్టిదాన్ని. మల్ల నీ చేతులతోనే కట్టుమంటున్న సూడు, నాకు సిగ్గు గూడ లేదు.”

దుర్గాబాయి చేతులు ఆగిపోయాయి. మూడో ముడి వేయాల్సిన రెండు కొసలు రెండు చేతుల్లో ఉన్నాయి. తారక్క చెప్పేసింది. తను చెప్పలేదు. ఇద్దరి కడుపులో ఉన్నదీ ఒకటే విషం, ఆమె కక్కింది, తను మింగి పసుపు పూసింది. ఆమెకు ఉన్నట్టుండి చాలా అలసటగా అనిపించింది, మూడు రోజుల నిద్ర ఒక్కసారి మీద పడినట్టు. ఎన్నేళ్ల నుంచి మొక్కుతోంది తను. ఏ రోజూ దీపం తప్పలేదు. అయినా దేవుణ్ని ఒక్కనాడైనా నమ్మిందా. నమ్మితే ఇలా పురమాయిస్తుందా, ఇది తీసి అక్కడ పెట్టు, అది తెచ్చి ఇక్కడ పెట్టు అని, కొత్తగా చేరిన పనిమనిషికి చెప్పినట్టు. ఇన్నేళ్లూ తనకేం కావాలో ఆయనకు చెప్పింది, ఆయన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడు కూడా ఏమడగాలో తెలియడం లేదు. కొండ ఎందుకు పడిందో తెలియదు. దర్శనానికి నిలబడ్డ పసిపిల్లలు ఏం చేశారో తెలియదు. కోపం వస్తోంది, ఆయన మీదే వస్తోంది, ఆ కోపం చెప్పుకోవడానికి కూడా ఆయన తప్ప దిక్కు లేదు. ఇదేం బతుకయ్యా రామలింగేశ్వరా అనుకుంది. అలా అనుకున్నాక, మూడు రోజుల్లో మొదటిసారి, అవతల ఎవరో ఉన్నట్టు అనిపించింది. జవాబేమీ లేదు. ఉన్నట్టు అనిపించింది, అంతే.

కట్టిన ముడుపు కోరిక తీరేదాకా విప్పకూడదు. విప్పితే అడిగినదాన్ని కాలితో తన్నుకున్నట్టే. వాళ్ల అవ్వ అయితే చేతి మీద కొట్టేది. దుర్గాబాయి పటం ముందున్న మొదటి ముడుపు తీసి, పళ్లతో మొదటి ముడి వదులు చేసి, మూడు ముళ్లూ విప్పింది. మొగుణ్ని చేతులారా వదిలేస్తున్నానేమో అనిపించింది. అయినా విప్పింది. రెండోదీ విప్పింది. రెండు బిళ్లలూ, రెండు పసుపు కొమ్ములూ, అక్షింతలన్నీ ఒకే గుడ్డలో పోసింది. అక్కడ పడుకున్న ఆయన ఎవరైనా కానీ తండ్రీ, ఆయన్ను బతికించు. ఒక ముడి. ఎవరైనా కానీ. రెండో ముడి. మూడో ముడికి మాటలు రాలేదు, ఉత్త ఏడుపే వచ్చింది, ఏడుస్తూనే బిగించింది.

హాల్లో ఫోన్ మోగింది. మెసేజ్ వచ్చినప్పుడు మోగే చిన్న చప్పుడు.

ఆమె గడప దగ్గరికి వచ్చేసరికి భవిత లేచి నిలబడి ఉంది. ఫోన్ వెలుగు మొహం మీద పడుతోంది. పెద్దగా చేసి చూసింది, పక్కకు తిప్పి చూసింది. “అమ్మా,” అంది, “బాపు గాదు.”

మెట్టు మీద తారాబాయి లేచి నిల్చుంది. బాపు కాదు అన్న మాటకూ ఆ తర్వాతి మాటకూ మధ్య ఎంతసేపు పట్టిందో ఏమో, ఆ సందులోనే దుర్గాబాయి గుండెలో కుళ్లు వచ్చింది, దాని వెనకే, నెట్టుకుంటూ, పోనీలే లక్ష్మణ్ బావ బతికాడు అన్న సంతోషం కూడా వచ్చింది. రెండూ నిజమే, రెండూ ఆమెవే.

“పెదబాపు గూడ గాదు పెద్దమ్మా. ఎవలో. మనకు తెల్సినోళ్లు గాదు.”

తారాబాయి గడప దాటి లోపలికి వచ్చేసింది. పురుడు సంగతి ఆమెకూ గుర్తు లేదు, ఈమెకూ గుర్తు రాలేదు. ఇద్దరూ తలలు ఆనించి ఆ చిన్న అద్దంలోకి చూశారు. నెరిసిన గడ్డం, బురద తుడిచిన నుదురు, కుడి చెవికి సన్నటి పోగు, మూసుకున్న కళ్లు. ఏ ఊరాయనో. తెలుగు మాట్లాడగానే మనవాడనుకున్నారు. దేశంలో తెలుగు మాట్లాడేది శామీర్‌పేట ఒక్కటే అయినట్టు. నిన్న టీవీలో శ్రీకాకుళం దిక్కు ఆమె ఒకతె మొగుడి ఫోటో పట్టుకుని ఏడుస్తుంటే దుర్గాబాయి చూడలేక చానల్ మార్చింది. ఆ ఫోటోలో మనిషికి చెవిపోగు ఉందా? గుర్తు లేదు. ఆ ఫోటోకేసి తను సరిగ్గా చూడనైనా లేదు. ఎక్కడో ఏ వరండాలోనో ఆమె ఇంకా కూర్చునే ఉంటుంది, ఫోటో తన ఫోన్‌కు రాలేదని.

“మరి మనోళ్లు?” అంది తారాబాయి.

“దేవులాడుతున్నరు అక్కా. బురదల ఇంక దేవులాడుతనే ఉన్నరు.” దుర్గాబాయి ఆమె రెక్క పట్టుకుంది, బాలేష్ లక్ష్మణ్‌ను పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుని, గోడ వారగా కూర్చోబెట్టింది. నెత్తి మీద నుంచి విమానం పోయింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. చప్పుడు చెరువు వైపు సాగి సన్నగిల్లేదాకా ఇద్దరూ కదల్లేదు. తర్వాత దుర్గాబాయి లేచి, దేవుడి గదిలోకి పోయి, కొడిగడుతున్న దీపంలో నూనె పోసింది.

“భవితా, జనార్ధన్‌కు ఫోన్ కొట్టు. గాయన పేరేందో కనుక్కొమ్మను. ఊరు గూడ అడుగు.”

“మనోళ్లు గాదు గదమ్మా. పేరెందుకు?”

“ముడుపు కట్టిన బిడ్డా. పేరు చెప్పాలె.”

“మరి బాపు?”

దుర్గాబాయి వత్తి ఎగదోసింది. వేలు కాలింది, వెనక్కి తీసుకోలేదు.

“మీ బాపు పేరు, లక్ష్మణ్ బావ పేరు దేవునికి ఎరుకే. గాయన పేరే నేను ఇంక చెప్పలే.”